ఔసత్ అడిగే ముందు నసబ్‌నుమా చూడండి

ఉర్దూ మీడియంలో చదువుకున్న మన పెద్దవాళ్లు భిన్నంలో పైన ఉండే అంకెని షుమార్ కునిందా అనేవాళ్లు, కింద ఉండే అంకెని నసబ్‌నుమా అనేవాళ్లు. తెలుగు మీడియం వాళ్లకి అవే లవం, హారం. నసబ్ అంటే వంశం, నుమా అంటే చూపించేది. పైనున్న అంకె ఏ ఖాన్‌దాన్‌దో కింది అంకె చెబుతుందన్నమాట. ఆ మాట పెట్టిన వాళ్లెవరో గానీ, పెద్ద హకీకత్‌ని చిన్న మాటలో ఇమిడ్చారు. పై అంకె చూసి మురిసిపోయేవాళ్లే ఎక్కువ. కింది అంకె అడిగేవాళ్లు తక్కువ.

ఈ మాట ఇప్పుడెందుకంటే, అమెరికాలో ఉంటున్న మన తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లలు అక్కడి స్కూళ్లలో, మొహల్లా టీముల్లో బేస్‌బాల్ ఆడుతున్నారు. ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడుతున్నారు. మంచిదే. కానీ ఆటతోపాటు అంకెలు కూడా ఇంట్లోకి వచ్చేస్తున్నాయి. “మావాడిది 0.300”, “మీవాడిది 0.267 యేనా?” అని దావత్‌లలో మాటలు నడుస్తున్నాయి. పిల్లాడి మొహం చిన్నబోతోంది. ఆ 0.267 ఎలా వచ్చిందో అడిగినవాడికీ తెలీదు, జవాబు చెప్పేవాడికీ సరిగ్గా తెలీదు. లెక్క తెలియకుండా ఫైసలా చెప్పడం జుల్మ్ అని నా అభిప్రాయం. బేస్‌బాల్ లెక్కలు నేర్చుకోవడం కష్టమేం కాదు. ఐదో తరగతి హిసాబ్ వస్తే చాలు.

ముందు మనకి తెలిసిన క్రికెట్‌తో మొదలుపెడదాం. మన హైదరాబాద్ అజహరుద్దీన్ టెస్టుల్లో 6215 పరుగులు చేశాడు. ఆడింది 147 ఇన్నింగ్స్. అందులో 9 సార్లు నాటౌట్. క్రికెట్ ఔసత్‌లో హారం ఇన్నింగ్స్ కాదు, ఔటైన సార్లు. కాబట్టి 6215ని 138తో భాగించాలి. 45.03 వస్తుంది. అదే 147తో భాగిస్తే 42.28. మనిషి ఒక్కడే, పరుగులూ అవే. కింది అంకె మారేసరికి మూడు పరుగుల తేడా వచ్చింది. నాటౌట్‌గా నిలబడ్డవాడి ఖాతాలో ఆ ఇన్నింగ్స్‌ని వెయ్యకూడదని క్రికెట్ ఒక ఉసూల్ పెట్టుకుంది. సరైనదా కాదా అనేది వేరే బహస్. ఉసూల్ ఉంది, అందరికీ ఒకటే అన్నది ముఖ్యం.

బేస్‌బాల్‌లో బ్యాట్స్‌మన్‌ని హిట్టర్ అంటారు, బౌలర్‌ని పిచ్చర్. హిట్టర్ బంతిని కొట్టి, ఫీల్డర్ల గల్తీ ఏమీ లేకుండా బేస్ చేరుకుంటే అది హిట్. ఒక బేస్ చేరితే సింగిల్, రెండైతే డబుల్, మూడైతే ట్రిపుల్, నాలుగూ చుట్టేస్తే హోమ్ రన్. పిచ్చర్ నాలుగు బంతులు గీత తప్పి వేస్తే, వాటికి ఆశపడకుండా నిలబడ్డ హిట్టర్‌కి మొదటి బేస్ ఇచ్చేస్తారు. దీన్ని వాక్ అంటారు. నేనైతే దీన్ని సబర్ అంటాను. చెడ్డ బంతికి బ్యాట్ ఊపకుండా ఆగడం అంత తేలిక కాదు.

బ్యాటింగ్ యావరేజ్ అంటే హిట్లని ఎట్-బ్యాట్‌లతో భాగించడం. ఇక్కడే అసలు సంగతి. హిట్టర్ క్రీజులోకి వచ్చిన ప్రతిసారీ ఎట్-బ్యాట్ కాదు. వాక్ దొరికితే లెక్కలోకి రాదు. బంతి ఒంటికి తగిలి బేస్ దొరికినా రాదు. తను ఔటవుతూ మరొకడిని ముందుకు పంపే శాక్రిఫైస్ బంట్, మరొకడికి పరుగు ఇప్పించే శాక్రిఫైస్ ఫ్లై కూడా రావు. అంటే యావరేజ్‌కి ఖుర్బానీ తెలుసు, దానికి శిక్ష వెయ్యదు. కానీ సబర్‌కి ఇనామ్ కూడా ఇవ్వదు. వాక్‌ని అసలు జరగనట్టే వదిలేస్తుంది.

ఇద్దరు పిల్లల్ని మిసాల్‌గా తీసుకుందాం. మొదటివాడు 20 సార్లు బ్యాట్ పట్టుకుని వచ్చాడు. 6 హిట్లు కొట్టాడు, అన్నీ సింగిల్స్. వాక్ ఒక్కటీ లేదు. ఎట్-బ్యాట్‌లు 20. యావరేజ్ 6 బై 20, అంటే 0.300. రెండోవాడూ 20 సార్లే వచ్చాడు. 4 హిట్లు, 5 వాక్‌లు. వాక్‌లు తీసేస్తే ఎట్-బ్యాట్‌లు 15. యావరేజ్ 4 బై 15, అంటే 0.267. దావత్‌లో మొదటివాడికి షాబాష్‌లు, రెండోవాడికి నసీహత్‌లు.

ఇప్పుడు ఇంకో లెక్క వేద్దాం. ఆన్-బేస్ పర్సెంటేజ్, పొట్టిగా ఓబీపీ. పైన హిట్లు, వాక్‌లు, ఒంటికి తగిలి బేస్ దొరికిన సార్లు, మూడూ కలపాలి. కింద ఎట్-బ్యాట్‌లు, వాక్‌లు, ఒంటికి తగిలినవి, శాక్రిఫైస్ ఫ్లైలు కలపాలి. మొదటివాడికి 6 బై 20, అదే 0.300. రెండోవాడికి 9 బై 20, అంటే 0.450. మొదటివాడు 14 సార్లు ఔటై వెనక్కి వచ్చాడు, రెండోవాడు 11 సార్లే. బేస్‌బాల్‌లో టీముకి ఒక్కో ఇన్నింగ్స్‌లో ఉండే దౌలత్ మూడు ఔట్లు మాత్రమే. ఆ దౌలత్‌ని ఎవడు కాపాడాడు? నసీహత్‌లు తిన్నవాడే.

మూడో లెక్క స్లగ్గింగ్. సింగిల్‌కి 1, డబుల్‌కి 2, ట్రిపుల్‌కి 3, హోమ్ రన్‌కి 4 వేసి కలిపి, ఎట్-బ్యాట్‌లతో భాగించాలి. మొదటివాడివి ఆరు సింగిల్స్ కాబట్టి 6 బై 20, మళ్లీ 0.300. రెండోవాడి నాలుగు హిట్లలో రెండు సింగిల్స్, ఒక డబుల్, ఒక హోమ్ రన్ ఉన్నాయనుకుందాం. మొత్తం 8 బేస్‌లు, 8 బై 15, అంటే 0.533. ఓబీపీనీ స్లగ్గింగ్‌నీ కలిపితే ఓపీఎస్ అంటారు. మొదటివాడికి 0.600. రెండోవాడికి 0.983. ఒకే ఆట, ఒకే 20 సార్లు. ఒక్క అంకె చూసి వెనకబడ్డాడన్న పిల్లాడు మిగతా మూడు అంకెల్లో చాలా ముందున్నాడు.

వాక్‌ని యావరేజ్ నుంచి బయట పెట్టింది ఎవరు? దీనికీ క్రికెట్‌కీ రిష్తా ఉంది. ఇంగ్లాండ్‌లో 1824లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరిన హెన్రీ చాడ్విక్ మొదట క్రికెట్ వార్తలు రాసేవాడు. తర్వాత బేస్‌బాల్‌కి మారి, పత్రికల్లో స్కోర్ పట్టికలు, లెక్కల పద్ధతులు రూపుదిద్దాడు. ఆయన నజర్‌లో వాక్ అంటే పిచ్చర్ గల్తీ, అందులో హిట్టర్ గొప్ప ఏమీ లేదు. 1887లో ఒక్క సీజన్ మాత్రం వాక్‌ని హిట్ కింద లెక్కించారు. యావరేజ్‌లు ఆకాశానికెగిరాయి. మరుసటి ఏడే ఆ ఖాయిదా తీసేశారు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు అమెరికా మొత్తం యావరేజ్ అనే ఒక్క అద్దంలోనే హిట్టర్లని చూసింది.

1941లో టెడ్ విలియమ్స్ కథ చూడండి. ఆఖరి రోజు పొద్దున ఆయన యావరేజ్ 0.39955. దగ్గరి అంకెకి సర్దితే 0.400 అయిపోతుంది. ఆడకుండా కూర్చుంటే ఇజ్జత్ భద్రం. ఆయన కూర్చోలేదు. ఫిలడెల్ఫియాలో ఆరోజు రెండు మ్యాచ్‌లూ ఆడాడు, 8 ఎట్-బ్యాట్‌లలో 6 హిట్లు కొట్టాడు. సీజన్ మొత్తం 456 ఎట్-బ్యాట్‌లలో 185 హిట్లు, 0.406. ఆ తర్వాత ఆ లీగుల్లో ఎవరూ 0.400 దాటలేదు. పైగా ఆ రోజుల్లో శాక్రిఫైస్ ఫ్లైని కూడా ఔట్ కింద హారంలో కలిపేవాళ్లు. దాన్ని మినహాయించే ఖాయిదా 1954లో వచ్చింది. అంతకన్నా పెద్ద మాట, ఆ ఏడాది ఆయన 147 వాక్‌లు తీసుకున్నాడు. మూడుసార్లు బంతి ఒంటికి తగిలింది. 335 బై 606 వేసుకోండి. ఓబీపీ 0.553. బ్యాట్ పట్టుకుని వచ్చిన ప్రతి రెండుసార్లలో ఒకసారి కంటే ఎక్కువ బేస్ చేరాడు. అయినా ఆ ఏడాది ఎంవీపీ అవార్డు వరసగా 56 మ్యాచ్‌లలో హిట్ కొట్టిన జో డిమాజియోకి వెళ్లింది. డిమాజియో ఖాబిల్ కాదని అనను. కానీ ఓబీపీ అనే తరాజు ఆ రోజుల్లో జనం చేతిలో లేదు.

ఆ తరాజుని జనం ముందు పెట్టినవాళ్లలో బిల్ జేమ్స్ ఒకడు. బీన్స్ డబ్బాల ఫ్యాక్టరీలో రాత్రి చౌకీదారుగా పనిచేస్తూ, 1977లో సొంత ఖర్చుతో తన లెక్కల పుస్తకం అచ్చేసుకున్నాడు. పెద్ద క్లబ్బుల మేనేజర్లు చాలాకాలం ఖాతరు చెయ్యలేదు. 2002లో ఓక్లాండ్ టీము తక్కువ జీతాలతో, ఓబీపీ బాగున్న ఆటగాళ్లని పోగేసి 103 మ్యాచ్‌లు గెలిచాక అందరూ ఆ లెక్క వైపు తిరిగారు. ఇల్మ్ ఎవరి దగ్గరున్నా తీసుకోవాలన్న మాట మనకి చిన్నప్పటి నుంచీ చెప్పిందే కదా.

ఇప్పుడు పిచ్చర్ సంగతి. పిచ్చర్‌కి ముఖ్యమైన అంకె ఈఆర్‌ఏ. అతని ఖాతాలో వేయదగ్గ పరుగులని, అంటే ఎర్న్‌డ్ రన్స్‌ని, తొమ్మిదితో గుణించి, అతను వేసిన ఇన్నింగ్స్‌తో భాగించాలి. పూర్తి మ్యాచ్ వేస్తే సగటున ఎన్ని పరుగులు ఇచ్చేవాడో తెలుస్తుంది. ఫీల్డర్ చేతిలోని బంతి జారవిడిచి, దానివల్ల పరుగు వస్తే అది పిచ్చర్ ఖాతాలో పడదు. ఒకరి బోజు ఇంకొకరి భుజం మీద పెట్టకూడదన్న ఉసూల్ మనకి కొత్త కాదు. అయితే అది ఫీల్డర్ గల్తీనా, హిట్టర్ గొప్పా అని తేల్చేది పైన కూర్చున్న స్కోరర్. అతనూ ఇన్సానే. కాబట్టి ఈఆర్‌ఏలో కూడా ఒక మనిషి రాయ్ కలిసి ఉంటుంది. అది గుర్తుంచుకుని చదవాలి.

ఇక్కడ చాలామంది తండ్రులు పప్పులో కాలేసే చోటు ఒకటుంది. స్కోర్ కాగితంలో 4.1 ఇన్నింగ్స్ అని రాస్తారు. అది నాలుగూ పదో వంతు కాదు. ఇన్నింగ్స్‌కి మూడు ఔట్లు. 4.1 అంటే నాలుగు ఇన్నింగ్స్, ఒక ఔట్. అంటే నాలుగూ మూడో వంతు, మొత్తం 13 ఔట్లు. మీ అబ్బాయి అందులో 2 ఎర్న్‌డ్ రన్స్ ఇచ్చాడనుకోండి. 18ని 4.333తో భాగిస్తే 4.15. క్యాలిక్యులేటర్‌లో 4.1 కొట్టేస్తే 4.39 చూపిస్తుంది. పిల్లాడి మీద లేని భారం పడింది. ఇంకో సంగతి. లిటిల్ లీగ్‌లో చిన్నపిల్లల మ్యాచ్ ఆరు ఇన్నింగ్సే. అక్కడ తొమ్మిది బదులు ఆరుతో గుణించడం ఇన్సాఫ్. అప్పుడు అదే పిల్లాడి ఈఆర్‌ఏ 2.77 అవుతుంది. టీవీలో చూసే పెద్దవాళ్ల ఈఆర్‌ఏతో పోల్చే ముందు ఏ అంకెతో గుణించారో అడగండి.

రెండో అంకె విప్. పిచ్చర్ ఇచ్చిన వాక్‌లు, హిట్లు కలిపి ఇన్నింగ్స్‌తో భాగించాలి. ఒక్కో ఇన్నింగ్స్‌లో ఎంతమందిని బేస్ మీదకి రానిచ్చాడో చెబుతుంది. ఇక మూడోది, పాతకాలం నుంచీ అందరూ అడిగేది, గెలుపోటములు. ఇది పిచ్చర్ పేరు మీద రాస్తారు గానీ, తన టీము పరుగులు కొట్టకపోతే అతను ఏం చెయ్యగలడు?

2018లో న్యూయార్క్ మెట్స్ పిచ్చర్ జేకబ్ డిగ్రామ్‌కి ఇదే అయ్యింది. 217 ఇన్నింగ్స్, 41 ఎర్న్‌డ్ రన్స్. 41ని తొమ్మిదితో గుణించి 217తో భాగిస్తే 1.70. 152 హిట్లు, 46 వాక్‌లు కలిపి 198. 217తో భాగిస్తే విప్ 0.91. ఇంత గొప్పగా వేసిన మనిషి పేరు మీద గెలుపులు 10, ఓటములు 9. పాత రోజుల్లో అయితే పట్టించుకునేవాళ్లు కాదేమో. ఆ ఏడాది ఓటు వేసినవాళ్లు పూర్తి హిసాబ్ చూశారు. ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు అతనికే ఇచ్చారు. పక్కవాళ్ల సుస్తీకి అతన్ని దండించలేదు.

ఇంతవరకూ లెక్కలో ఏం వెయ్యాలన్న సవాల్. దీనికన్నా పెద్ద సవాల్ ఇంకోటుంది. అసలు ఎవరిని లెక్కలోకి రానిచ్చారు?

జాష్ గిబ్సన్ అని ఒక నల్లజాతి ఆటగాడు. 1930లలో, 40లలో హోమ్‌స్టెడ్ గ్రేస్, పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్ టీములకి ఆడాడు. పెద్ద లీగుల తలుపులు నల్లవాళ్లకి మూసేసిన కాలం. కాబట్టి వాళ్లు తమ లీగులు తామే పెట్టుకున్నారు. వాటిని నీగ్రో లీగ్స్ అనేవాళ్లు. గిబ్సన్ 1947 జనవరిలో 35 ఏళ్లకే ఇంతెఖాల్ అయ్యాడు. మూడు నెలల తర్వాత ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ ఆ తలుపు దాటాడు. గిబ్సన్ హిట్లు ఆ పెద్ద దఫ్తర్‌లో ఒక్కటీ లేవు.

పాత పత్రికలు తిరగేసి, ఒక్కో మ్యాచ్ స్కోరూ ఏరి, ఎన్నో ఏళ్లు మెహనత్ చేసిన పరిశోధకుల వల్ల ఆ లెక్క తేలింది. 2020 డిసెంబర్‌లో మేజర్ లీగ్ బేస్‌బాల్ 1920 నుంచి 1948 వరకు నడిచిన ఏడు నీగ్రో లీగులని పెద్ద లీగులుగా ఒప్పుకుంది. 2024 మే నెలాఖరులో ఆ అంకెలని అధికారిక రికార్డులో కలిపింది. గిబ్సన్ కెరీర్ యావరేజ్ 0.372. అప్పటిదాకా మొదటి స్థానంలో ఉన్న టై కాబ్ 0.367. దశాబ్దాల పాటు అందరూ కంఠస్థం చేసిన జాబితాలో పై పేరు మారిపోయింది.

కొందరు ఎతరాజ్ చేశారు. ఆ లీగుల్లో సీజన్లు చిన్నవి, మ్యాచ్‌లు తక్కువ, పోల్చడం ఎలా అని. హారం చిన్నదన్న మాట నిజమే. దాన్ని దాచకుండా పక్కనే రాయాలి. కానీ హారం చిన్నదవడానికి గల్తీ ఎవరిది? తలుపు మూసినవాడిదా, బయట నిలబడ్డవాడిదా? మరో సంగతి కూడా చెప్పాలి. కూపర్స్‌టౌన్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో గిబ్సన్ ఫలకం మీద దాదాపు 800 హోమ్ రన్లు అని ఉంటుంది. అందులో లీగ్ బయట ఊరూరా తిరిగి ఆడినవి కూడా కలిశాయి. లీగ్ మ్యాచ్‌లలో రుజువైనవి 200 లోపే. పరిశోధకులు రుజువైనవే రాశారు. మనవాడని ఒక్కటి కూడా ఎక్కువ వెయ్యలేదు. యావరేజ్‌లో హక్ ఇచ్చిన తరాజే హోమ్ రన్లలో తగ్గించింది కూడా. అందుకే ఆ లెక్క మీద నాకు భరోసా.

మనకి ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ దేశంలో ముస్లింల చదువులు, నౌఖరీలు, బ్యాంకు అప్పుల సంగతి 2006లో సచార్ కమిటీ రిపోర్టు అంకెల్లో పెట్టేదాకా, మన తక్లీఫ్ చెప్పుకుంటే సబూత్ ఏదని అడిగేవాళ్లు. లెక్కలో లేనివాడి గోడు కథలాగే వినిపిస్తుంది. ఖురాన్‌లో 83వ సూరా పేరే కొలతల్లో దగా చేసేవాళ్ల మీద ఉంది. కొలత అంటే బియ్యం, గోధుమలే అనుకోవడం ఎందుకు? మనిషి మెహనత్‌ని కొలవడం కూడా కొలతే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2018లో అమెరికా సుప్రీంకోర్టు ఫైసలా తర్వాత చాలా రాష్ట్రాల్లో ఆటల మీద పందాలు ఖానూనీ అయిపోయాయి. ఇవే అంకెలు ఫోన్లలో జూదానికి ముడిసరుకు అయ్యాయి. మన కుర్రాళ్లకి ఓపీఎస్, విప్ నేర్పేటప్పుడే ఆ దర్వాజా ఎక్కడుందో, ఎందుకు దాటకూడదో కూడా నేర్పండి. నేను హారం చూడమంటున్నాను, హరామ్ వైపు చూడమనడం లేదు. లెక్క మనిషికి హక్ ఇవ్వడానికి. మనిషి జేబు ఖాళీ చెయ్యడానికి కాదు.

పిల్లల ఆటలో ఇన్ని లెక్కలెందుకు, హాయిగా ఆడుకోనివ్వండి అంటారా? నేనూ అదే అంటాను. అసలు అంకెలే అడక్కుండా ఉండగలిగితే అంతకన్నా మేలు లేదు. కానీ అడుగుతున్నాం కదా. అడిగినప్పుడు పూర్తిగా అడగడం మన జిమ్మేదారి. ఎన్నిసార్లలో ఎన్ని? లెక్కలోంచి ఏం వదిలేశారు? రాసింది ఎవరు? ఈ మూడు సవాళ్లు మైదానంలో పనికొస్తాయి. మార్కుల కాగితం చేతిలోకి వచ్చినప్పుడు, రిష్తా చూస్తూ జీతం అడిగినప్పుడు, పత్రికలో మన గురించి ఏదో శాతం వేసినప్పుడు కూడా పనికొస్తాయి.

ఈసారి మ్యాచ్‌కి వెళ్లేటప్పుడు ఒక నోటుబుక్కు, పెన్సిలు పట్టుకెళ్లండి. కొడుకునో కూతురినో పక్కన కూర్చోబెట్టుకుని, హిట్లతోపాటు వాక్‌లు కూడా గీత గీయించండి. ఎదుటి టీము పిల్లలవి కూడా అదే కలంలో, అదే ఖాయిదాతో రాయించండి. ఆ రెండో పని మొదటిదానికన్నా పెద్ద తాలీమ్.

దువాల్లో యాద్ ఉంచుకోండి. ఖుదా హాఫిజ్.